కోళ్ల కారులో వాటర్ పంపు

నాగజ్యోతికి ఆ చప్పుడు మొదటిసారి వినపడింది గురువారం పొద్దున. గిలకలదిండి రేవు దగ్గర ఎండు నెత్తళ్ళ బస్తాలు వెనక సీటు మీద పేర్చుకుని ఇంటికి వస్తుంటే, ముందు ఎక్కడో ఎలక పిల్ల అరిచినట్టు కీచుమంది. కారు ఆపితే ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ మొదలైంది.

సోమవారం ఆ కారుకి పరీక్ష ఉంది. అది రెండువేల సంవత్సరంలో పుట్టిన కారు. పదిహేనేళ్లకి ఒకసారి, ఇరవయ్యేళ్లకి ఇంకోసారి బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబడి నెగ్గింది. ఇప్పుడు పాతికేళ్లు నిండాయి కాబట్టి మూడోసారి నిలబడాలి. నెగ్గితే ఇంకో అయిదేళ్లు రోడ్డు మీద తిరగొచ్చు, లేకపోతే తుక్కు సామానే.

ఆ కారుని తొమ్మిదేళ్ల కిందట ఘంటసాల ఊళ్లో రిటైరైన ఒక మాస్టారి దగ్గర కొన్నాడు ఆమె భర్త ఆంజనేయులు. కొన్నాడన్న మాటే గానీ, రెండుసార్లు నడిపి బోటెక్కి సముద్రం మీదికి వెళ్లిపోయాడు. ఒకసారి వెళ్తే పది పన్నెండు రోజులకి గానీ రాడు. ఎండు చేపలు గుడివాడ బజారుకి తీసుకెళ్లి అమ్మేది నాగజ్యోతే కాబట్టి స్టీరింగు ఆమె చేతికొచ్చింది. ఆ తరవాత పానాలూ ఆమె చేతికే వచ్చాయి.

పానాలు పట్టించింది మామగారు నాంచారయ్య. నలభయ్యేళ్లు రేవులో బోటు ఇంజన్లు బాగుచేసిన మనిషి. గట్టు మీద కూర్చుని, ఇంకా కనపడని బోటు చప్పుడు విని, ఫలానావాళ్ల బోటు వస్తోంది, రెండో సిలిండరు సరిగ్గా కొట్టడం లేదు అని చెప్పేవాడని ఇప్పటికీ రేవులో చెప్పుకుంటారు. ఆ తరవాత ఒకనాడు వల లాగే యంత్రంలో పడి కుడి చేతి మణికట్టు నలిగింది. చెయ్యి మిగిలింది గానీ పట్టు పోయింది. గ్లాసు పట్టుకోగలడు, పానా పట్టుకోలేడు. కారు మొదటిసారి మొరాయించినప్పుడు ఆయన పక్కన స్టూలేసుకుని కూర్చుని, "అమ్మాయ్, పదో నంబరు పానా అందుకో" అన్నాడు. "నేనా మావయ్యా?" అంది నాగజ్యోతి. "మరి నేనా?" అని ఆయన తన చెయ్యి చూపించాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మెకానిక్కు అలా రెండు ముక్కలుగా ఉన్నాడు. బుర్ర ఒకరిది, చేతులు ఒకరివి.

ఇద్దరూ కలిసి ఆ కారుకి చెయ్యని వైద్యం లేదు. రేడియేటరు కారితే గుప్పెడు పసుపు పోశారు, కారడం ఆగింది. పెట్రోలు ట్యాంకు చెమర్చితే బట్టల సబ్బు రుద్దారు. పగిలిన గొట్టానికి సైకిలు ట్యూబు ముక్కలు చుట్టారు. సైలెన్సరు ఊడి రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తే వల తాడుతో ఎత్తి కట్టారు. ఆ తాడు కాలిపోయి, మళ్ళీ ఊడి, బందరు కోనేరు సెంటర్లో అందరి ముందూ గలగలమన్నాక అక్కడ ఇనప తీగ వాడాలని తెలుసుకున్నారు.

అందుకని గురువారం ఇంటికి రాగానే నాగజ్యోతి బానెట్ ఎత్తి మామగారిని పిలిచింది.

"మావయ్యా, ఏదో కీచుమంటోంది. ఒకసారి వినండి."

నాంచారయ్య వచ్చాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని ఇంజను మీద ఆనించి, పిడిని దవడ ఎముకకి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. అది ఆయన పాత పద్ధతి. కాసేపటికి కళ్లు తెరిచి, "శుభ్రంగా ఉంది. గంగిరెద్దులా కొట్టుకుంటోంది. నీకేదో భ్రమ," అన్నాడు.

ఆ నిమిషంలో కూడా ఆమెకి కీచుకీచు వినపడుతూనే ఉంది. కానీ చెప్పింది నాంచారయ్య. నాకే చెవుల్లో ఏదో అయ్యుంటుందనుకుంది. రాత్రి చెవుల్లో కొబ్బరినూనె చుక్కలు కూడా వేసుకుంది.

శుక్రవారం పొద్దున్నే గుడివాడ బయల్దేరారు. బజార్లో బస్తాల దగ్గర ఇద్దరు మనుషులుండాలి గనక మామగారూ ఎక్కారు. పెడన దాటేసరికి కీచుమనేది కాస్తా గీరుమంటోంది. నాగజ్యోతి ఓరగా చూసింది. ఆయన కిటికీ మీద చెయ్యేసి, ఊడ్పులైన పొలాలు చూసుకుంటూ హాయిగా కూర్చున్నాడు. ఆయనకే చింత లేనప్పుడు నాకెందుకని గేరు మార్చింది.

కవుతరం దగ్గరికి వచ్చేసరికి గుప్పున రబ్బరు కాలిన వాసన. ఆ వెంటనే టపీమని బెల్టు తెగింది. బ్యాటరీ దీపం ఎర్రగా వెలిగింది, వేడి చూపించే ముల్లు పైకి పాకింది. పక్కకి తీసి ఆపేలోపు బానెట్ సందుల్లోంచి ఆవిరి, ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు.

చల్లారాక చూస్తే వాటర్ పంపు బిగుసుకుపోయి ఉంది. ఇంజనుకి నీళ్లు తిప్పే పంపు అది. దాని బేరింగు అరిగి అరిగి ముక్కలై, పంపు తిరగకపోవడంతో బెల్టు దాని మీద రాసుకుని కాలి తెగింది. నాగజ్యోతి వేలితో తిప్పబోయింది. కదల్లేదు.

"ఇదే మావయ్యా నిన్నట్నుంచి అరుస్తోంది. నేను చెప్పాను కదా. మీరు విని బాగుందన్నారు కదా."

నాంచారయ్య వెళ్లి కాలవ కల్వర్టు మీద కూర్చున్నాడు. నాగజ్యోతి కూడా వెళ్లి పక్కన కూర్చుంది. ఆమెకి కోపంగా ఉంది. ఆ కోపంలోనే, చాలా రోజులుగా చూస్తూ పట్టించుకోనివన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. వెనకనుంచి పిలిస్తే ఆయన పలక్కపోవడం. టీవీ ఇల్లదిరేలా పెట్టుకోవడం. ఎదుటివాళ్ల పెదాల వంకే చూడటం. రేవులో అందరూ అరుచుకునే మాట్లాడతారు కాబట్టి ఆయన అరుపు కూడా వాళ్లకి మామూలే అయిపోయింది.

ఆయన మొహం ముందుకి వంగి, గట్టిగా అడిగింది. "మావయ్యా, మీకు ఆ చప్పుడు అసలు వినపడలేదు కదూ?"

ఆయన కాలవలోకి చూశాడు. "వినపళ్లేదు."

"ఎప్పట్నుంచి?"

"నాలుగైదేళ్లవుతోంది. ధనధన కొట్టే చప్పుళ్లు తెలుస్తాయమ్మా. ఎముకలోకి వస్తాయి. ఈ సన్న చప్పుళ్లు, ఈ కీచులూ ఈలలూ అన్నీ ఒక్కొక్కటే వెళ్లిపోయినాయి. కిందటేడు మీ అత్త కుక్కరు మూడు విజిల్స్ వచ్చాక కట్టెయ్యమని గుడికి వెళ్లింది చూడు. ఒక్కటి కూడా రాలేదే అని కూర్చున్నాను. పప్పు మాడి బొగ్గయింది. నిద్రపోయానని తిట్టింది. పోనీ నిద్రపోయాననే అనుకోనీ అనుకున్నా."

నాగజ్యోతికి కోపం మీద నవ్వొచ్చింది. ఆపుకుంది. "మాకు చెప్పొచ్చు కదండీ."

"ఏం చెప్పమంటావ్? చెయ్యెలాగూ పోయింది. ఇంకా ఎవరైనా బోటు దగ్గరికి రమ్మని కబురు పెట్టారంటే ఈ చెవి కోసమే. అదీ పోయిందంటే ఇంక నన్ను పిలిచేదెవరు?"

రోడ్డు మీద గడ్డి ట్రాక్టరు ఒకటి వెళ్లింది.

"నేను నిన్న చెవుల్లో కొబ్బరినూనె పోసుకున్నాను మావయ్యా," అంది నాగజ్యోతి. "మీరు తప్పు చెప్పరని, నా చెవులకే జబ్బు చేసిందనుకున్నాను."

నాంచారయ్య ఆమె వంక చూశాడు. అప్పుడాయన మొహం నిజంగా చిన్నబోయింది. "అది మాత్రం నాదే తప్పమ్మా. నీ చెవిని నువ్వు నమ్మకుండా చేశాను," అన్నాడు. అరుపు కొంచెం తగ్గించి, "సరే, ఇప్పుడు చెప్పు. ఆ చప్పుడు ఎలా ఉంది? మొదట్లో ఎలా ఉంది, తరవాత ఎలా ఉంది?" అన్నాడు.

ఆమె ఆలోచించింది. "మొదట్లో ఎలక పిల్ల. పెడన దగ్గర పళ్లెం మీద మేకు పెట్టి గీసినట్టు. చివర్లో ఇసక నమిలినట్టు."

"అంతే, అంతే!" ఆయన తొడ చరిచాడు. "ఎలక పిల్ల అంటే గ్రీజు అయిపోయింది. మేకు అంటే బేరింగు గోళీలు గాడి తప్పినాయి. ఇసక అంటే గోళీలు పగిలినాయి. నిన్ననే నేను ఇలా అడిగుంటే నిన్ననే చెప్పేవాణ్ణి. ఇక మీదట నువ్వు విను. ఎలా ఉందో నాకు చెప్పు. అదేంటో నేను చెప్తాను."

నాగజ్యోతి ఫోన్ చేస్తే గుడివాడనుంచి ఆమె బావ నాగేంద్రబాబు వచ్చాడు. ఆమె అక్క మొగుడు. నందివాడ దగ్గర చేపల చెరువులున్నాయి, కొత్త కారుంది. దిగి, ముందు పాత కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"మరదలా, సోమవారం దీన్ని ఆ పరీక్షకి తీసుకెళ్లకు. నవ్వుతారు. తుక్కు కింద ఇచ్చెయ్. మా పాత కారు షెడ్డులో ఊరికే ఉంది, తీసుకెళ్లు."

"దాని రోగాలు నాకు తెలీవు బావా. దీనివైతే తెలుసు," అంది నాగజ్యోతి. "ముందు ఈ నెత్తళ్ళ బస్తాలు బజార్లో దించాలి. నీ కారు డిక్కీ తియ్యి."

"నా కారులోనా? ఎండు చేపలా? మీ అక్క వారం రోజులు ఎక్కదు!"

"ఎక్కకపోతే నీకు పెట్రోలు కలిసొస్తుంది."

నాగేంద్రబాబు గొణుక్కుంటూనే డిక్కీ తీశాడు, బస్తాలు తనే బజార్లో దింపిస్తానన్నాడు. గొణుక్కుంటూనే బందరు వెళ్లే ఖాళీ మినీ లారీ ఒకటి ఆపి, పాత కారుకి తన చేత్తోనే తాడు కట్టాడు. అతను ఏ పని చేసినా గొణుగుతూనే చేస్తాడు, కానీ చేస్తాడు.

ఇంటికి చేరి సంగతంతా చెప్పాక అత్తగారు వెంకటరత్నమ్మ మొగుడి వంక చాలాసేపు చూసింది.

"అయితే ఈ అయిదేళ్లూ నా మాట వినపడకే పలకలేదా? నేను లెక్కచెయ్యట్లేదనుకుని ఎన్నిసార్లు అలిగానండీ!"

"ఏంటి?" అన్నాడు నాంచారయ్య.

"అలిగాను అంటున్నా!" అని ఆవిడ అరిచింది. "అన్ని అలకలూ దండగ!"

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ఆ మోడల్ కార్లు తయారుచెయ్యడం ఆపేసి చాలా ఏళ్లయింది. బందరులో పాత కార్ల సామాన్లు అమ్మే మత్తయి తన కొట్టంతా గాలించి, బెల్టు ఇచ్చాడు గానీ పంపు లేదన్నాడు. విజయవాడకి ఫోన్ చేసి అక్కడా లేదన్నాడు. చివరికి కణతలు నొక్కుకుని, "నాగాయలంకలో కొండమ్మ గారని ఒకావిడుంది. సరిగ్గా ఇదే కారు వాళ్ల దొడ్లో ఉండాలి. ఏదో తుఫానులో కొబ్బరి చెట్టు పడి టాపు నలిగిపోయింది గానీ ఇంజనుకి దెబ్బ తగల్లేదు. ఆవిడ ఇస్తుందో లేదో మాత్రం నేను చెప్పలేను," అన్నాడు.

శనివారం మామా కోడళ్లు పానాలన్నీ ఒక గోనెసంచిలో వేసుకుని బస్సెక్కారు. చల్లపల్లి, మోపిదేవి దాటి, పులిగడ్డ దగ్గర ఏరు దాటి అవనిగడ్డలో దిగి, ఇంకో బస్సు పట్టుకుని నాగాయలంక చేరేసరికి పదిన్నరయింది. కొండమ్మ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. కోళ్ల కారున్న ఇల్లు ఎక్కడని అడిగితే రోడ్డు మీదున్న నలుగురూ ఒకేసారి చెయ్యి చూపించారు.

కారు నిజంగా కోళ్లదే. స్టీరింగు మీద ఒక పుంజు నిలబడి ఉంది. వెనక సీటు మీద గడ్డి పరిచి నాలుగు పెట్టలున్నాయి. రంగు వెలిసిపోయినా ఆ కళ్లూ ఆ ముక్కూ చూస్తే నాగజ్యోతికి తన కారు తోబుట్టువుని చూసినట్టనిపించింది.

కొండమ్మకి డెబ్బయ్యేళ్లు ఉంటాయి. బక్కగా, చురుగ్గా ఉంది. వచ్చిన పని విని, "పంపు తీసుకోండి, నాకెందుకు? కానీ ఇవాళ కాదు. ఇంకో నాలుగు రోజులాగి రండి," అంది.

"సోమవారమే పరీక్ష పిన్నీ. ఎందుకు నాలుగు రోజులు?"

కొండమ్మ బానెట్ ఊడిన చోట కప్పిన టార్పాలిన్ పట్టా పక్కకి తొలగించి లోపల చూపించింది. బ్యాటరీ ఉండాల్సిన చోట గడ్డి గూడు. అందులో రెక్కలు పరుచుకుని ఒక నల్ల పెట్ట. "పొదుగుతోంది. పదకొండు గుడ్లున్నాయి. ఇప్పుడు బెదిరి లేచిందంటే మళ్ళీ కూర్చోదు. మహా గయ్యాళిది."

గూటికీ పంపుకీ మధ్య జానెడు దూరం ఉంది. నాగజ్యోతి మామగారి వంక చూసింది. ఆయన పంపు వంకా పెట్ట వంకా మార్చి మార్చి చూశాడు. "పిన్నీ, దాన్ని కదపకుండా తీసుకుంటాను. సుత్తి వాడను. బెదిరితే అక్కడే ఆపేస్తాను," అంది నాగజ్యోతి.

కొండమ్మ సరేనంది. అయితే అసలు గొడవ సుత్తితో రాలేదు. నాంచారయ్య నోటితో వచ్చింది. "ముందు కింది బోల్టు పట్టు," అని ఆయన తన లెక్కలో గుసగుసలాడాడు. వీధి చివర దాకా వినపడింది. పెట్ట మెడ రిక్కించి కొక్కొక్కోమంది.

"అన్నయ్యా, మెల్లిగా!" అంది కొండమ్మ.

"మెల్లిగానే అన్నాను!" అని ఆయన ఇంకా గట్టిగా అన్నాడు. పెట్ట సగం లేచింది. కొండమ్మ చటుక్కున ఆయన నోటి మీద చెయ్యి పెట్టేసింది. "ఇంక మీరు మాట్లాడొద్దు. చెప్పేదేదో చేతుల్తో చెప్పండి."

అలా ఆ పూటంతా నాంచారయ్య మూగ సైగలతో మేస్త్రీతనం చేశాడు. నాగజ్యోతి ఒక్కో బోల్టుకీ కిరసనాయిలు చుక్కలు వేసి, నానబెట్టి, ఊపిరి బిగబట్టి తిప్పింది. పెట్ట ఆమె ముంజేతిని రెండుసార్లు పొడిచింది. పొడిపించుకుంది. మూడు బోల్టులు వచ్చాయి. నాలుగోది ససేమిరా అంది. ఎంత బలం పెట్టినా కదలదు. ఇంకా పెడితే మెడ తెగి సగం లోపలే ఉండిపోతుంది.

నాంచారయ్య దగ్గరికొచ్చి, పానా కాడ మీద ఎడమ చేతి వేళ్లు రెండు ఆనించాడు. ఇప్పు కాదు, ముందు బిగించు అని సైగ చేశాడు. ఆమె అర్థం కానట్టు చూసింది. ఆయన బొటనవేలు చూపుడువేలు దగ్గరగా పెట్టి, ఇంతే, వెంట్రుకవాసి అన్నట్టు చూపించాడు. ఆమె కొద్దిగా బిగించింది. లోపలెక్కడో టిక్కుమని చిన్న శబ్దం. ఆమెకది చెవిలో వినపడింది, ఆయనకి వేళ్లలో తెలిసింది. ఇద్దరూ ఒకేసారి తలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు. తుప్పు పట్టు వదిలింది. ఆ తరవాత బోల్టు చెప్పిన మాట విన్నట్టు తిరిగొచ్చింది.

పంపు చేతిలోకి వచ్చాక నాగజ్యోతి దాన్ని దొడ్లో ఆ మూలకి తీసుకెళ్లి, చెవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పింది.

"ఎలా ఉంది?" నాంచారయ్య ఇంక ఆగలేకపోయాడు.

"చేటలో బియ్యం చెరిగినట్టుంది మావయ్యా. మెత్తగా."

"ఇసక లేదు కదా?"

"లేదు."

"మేకు?"

"అస్సల్లేదు."

"అయితే బ్రహ్మాండం!" అని ఆయన వేసిన కేకకి స్టీరింగు మీద పుంజు కిందకి దూకింది. నల్ల పెట్ట మాత్రం కదల్లేదు. ఈయన గొంతుకి అలవాటు పడిపోయినట్టుంది.

పంపుకి ఏం ఇవ్వమంటారని అడిగితే కొండమ్మ డబ్బులొద్దంది. "మీరు కార్లు బాగుచేసేవాళ్లు కదా. నా కారు కూడా బాగుచేసి వెళ్లండి. ఎడమ వైపు తలుపు పడట్లేదు. ముంగిస దూరి పోయిన నెల రెండు పిల్లల్ని ఎత్తుకుపోయింది."

నాగజ్యోతి తలుపు కీలుకి కొత్త బోల్టు వేసింది. గడియ పని చెయ్యకపోతే తీసేసి, లోపల్నుంచి నైలాను తాడు బిగించి కొక్కెం పెట్టింది. అద్దం లేని కిటికీకి పాత వల ముక్క రెండు మడతలు వేసి కట్టింది. కొండమ్మ నాలుగుసార్లు తలుపు తీసి, వేసి, "మా ఆయన కొన్న రోజున కూడా ఇంత బాగా పడలేదు," అంది. గుడ్డు పులుసుతో అన్నం పెట్టి గానీ బస్సుకి వదల్లేదు.

ఆదివారం పంపు బిగించడానికి కూర్చుంటే, పంపుకీ ఇంజనుకీ మధ్య వెయ్యాల్సిన దళసరి కాగితం పాతది చిరిగిపోయి ఉంది. కొట్లన్నీ మూసున్నాయి. నాగజ్యోతి ఇల్లంతా వెతికి, నాగేంద్రబాబు కూతురు శ్రీదుర్గ పెళ్లి శుభలేఖ పట్టుకొచ్చింది. అట్టలాంటి కాగితం, కొలిచి చేసినట్టుంది.

"దేవుడి బొమ్మ ఉన్న పక్క కొయ్యొద్దే!" అని వెంకటరత్నమ్మ పరిగెత్తుకొచ్చింది. "పేర్లున్న పక్క కూడా వద్దు. అశుభం." చివరికి కల్యాణ మండపానికి దారి చూపించే బొమ్మున్న పక్క కోశారు. నూనె పట్టించి, పేస్టు రాసి, బిగించారు. నీళ్లు పోసి స్టార్ట్ చేస్తే కింద చుక్కచుక్కగా కారింది. నాగజ్యోతి మళ్ళీ పానా అందుకుంది.

"కంగారు పడకు. ఇన్నేళ్లు ఎండిపోయి ఉంది, లోపలి రబ్బరు నీళ్లు తాగనీ," అన్నాడు నాంచారయ్య. ముగ్గురూ కారు ముందు పీటలేసుకుని కూర్చుని చుక్కలు లెక్కపెట్టారు. పావుగంటకి చుక్కకీ చుక్కకీ మధ్య దూరం పెరిగింది. అరగంటకి ఆగిపోయింది.

సోమవారం రవాణా ఆఫీసు మైదానంలో పది బళ్ల వెనక వీళ్లది పదకొండోది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు నలభై ఏళ్ల మనిషి, ఎండకి మొహం ముడుచుకుని ఉన్నాడు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దించాడు. లైట్లు చూశాడు, వైపరు చూశాడు. పొగ పరీక్ష కాగితం చూశాడు. ముందుకి పోనిచ్చి బ్రేకు కొట్టమన్నాడు. కారు ఉన్నచోటే నిలబడింది. అంతా బాగానే నడిచింది.

"హారన్ కొట్టండమ్మా."

నాగజ్యోతి నొక్కింది. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కింది. నిశ్శబ్దం. పక్క సీట్లో నాంచారయ్య ఆమె చెయ్యి హారన్ మీద చూసి, మోగుతోందనుకుని, ఇన్‌స్పెక్టరు వంక చూసి గర్వంగా తలూపాడు.

"ఏంటమ్మా? హారన్ లేకపోతే ఎలా?" ఇన్‌స్పెక్టరు పెన్ను కాగితం మీదికి వెళ్లింది.

"ఒక్క నిమిషం సార్. ఒకే ఒక్క నిమిషం." ఆమె దిగి బానెట్ ఎత్తింది. నిన్న పంపు బిగించేటప్పుడు చెయ్యి తగిలి హారన్ తీగ కదిలినట్టుంది. చూస్తే కొస అంతా పచ్చగా చిలుం పట్టింది. జడలోంచి సైడు పిన్ను లాగి, కొసని తెల్లగా గీకి, నొక్కి పెట్టింది. "మావయ్యా, హారన్ నొక్కండి!" అని సైగ చేసింది.

ఆయన ఎడమ అరచేత్తో ధామ్మని నొక్కాడు. హారన్ మైదానం దద్దరిల్లేలా మోగింది. మోగి, ఆయన చెయ్యి తీసినా ఆగకుండా మోగుతూనే ఉంది. నాంచారయ్య సీట్లోంచి ఎగిరిపడి, "అమ్మాయ్, వినపడింది! ఇది నాకు వినపడింది!" అని హారన్‌ని మించి అరిచాడు. వెనక లైన్లో ఉన్న బళ్లవాళ్లందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టరు కూడా మొహం తిప్పుకుని నవ్వాడు. నాగజ్యోతి తీగ సరిచేస్తే గానీ ఆగలేదు.

"ఎవరమ్మా మీ మెకానిక్కు?" అన్నాడతను, బానెట్ కింద కొత్తగా బిగించిన పంపు చుట్టూ శుభ్రంగా తుడిచి ఉన్న చోటు చూస్తూ.

నాగజ్యోతి మామగారిని చూపించింది. ఏం అడిగారో వినపడకపోయినా నాంచారయ్యకి అర్థమైనట్టుంది. ఆమెని చూపించాడు.

"ఇద్దరం కలిపి ఒకళ్లం సార్," అంది నాగజ్యోతి.

వెనక బంపరుకి ఎర్ర స్టిక్కరు ఒకటి అంటించి చూపించమన్నాడు. గేటు బయట కొట్లో కొని అక్కడికక్కడే అంటించింది. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం ఆంజనేయులు సముద్రం మీదనుంచి వచ్చి, కారు నెగ్గిందని విని, తండ్రిని రెండు చేతులా పట్టుకుని గిర్రున తిప్పాడు. వచ్చే వారం బందరులోనే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లడానికి నాంచారయ్య ఒప్పుకున్నాడు. మిషనిస్తే రేవులోనూ కారులోనూ పెట్టుకుంటాను గానీ ఇంట్లో పెట్టుకోనన్నాడు. దాని మీద వెంకటరత్నమ్మ కొత్తగా అలిగింది. ఈసారి అలిగిన సంగతి దగ్గరికెళ్లి, చెవిలో అరిచి మరీ చెప్పింది.

బుధవారం పొద్దున మళ్ళీ గుడివాడ ప్రయాణం. వెనక ఎండు రొయ్యల బస్తాలు, పక్కన మామగారు. గూడూరు రోడ్డు వదిలి పెడన వైపు తిరగ్గానే ఆయన ఇటు తిరిగి ఆమె పెదాల వంక చూశాడు.

"ఏం వినపడుతోంది? చెప్పు."

"పంపు చేటలో బియ్యం లాగే ఉంది మావయ్యా. బెల్టు చప్పుడు లేదు. వెనక ఎడమ చక్రం దగ్గర మాత్రం ఏదో టకటకమంటోంది. గుంట వచ్చినప్పుడే."

"గుంట వచ్చినప్పుడేనా? మలుపులో?"

ఆమె రోడ్డు ఖాళీగా ఉండటం చూసి స్టీరింగు అటూ ఇటూ ఆడించింది. "మలుపులో లేదు."

"చెక్కదా, ఇనపదా?"

"చెక్క. చెప్పు కాలికి వదులైనట్టు."

నాంచారయ్య ఒళ్లో చేతులు రుద్దుకున్నాడు. "షాకబ్జారు రబ్బరు బుష్షు అరిగింది. పన్నెండో నంబరు పానా, సైకిలు ట్యూబు ముక్క. ఇంటికెళ్లాక చూద్దాం. ఇంకా ఏమున్నాయి, చెప్పు చెప్పు. పిట్టలేమన్నా అరుస్తున్నాయా?"

నాగజ్యోతి కిటికీ అద్దం పూర్తిగా దించింది. తీగల మీద పాలపిట్ట ఒకటి, అవతల కాలవలో బాతుల గుంపు, ఎక్కడో పంపుసెట్టు. ఒక్కొక్కటే ఏది ఎలా ఉందో గొంతెత్తి చెప్పుకుంటూ, గుడివాడ వైపు కారుని నడిపింది.